టేపు గీత కింద తెలుగు పాట

రాక్ సంగీత చరిత్ర రాసినవాళ్ళు వేదిక మీదివాళ్ళ గురించే రాశారు. అది న్యాయమే. కానీ ఆ చరిత్రలో పెద్ద ఘట్టాలుగా చెప్పుకునేవి నా వృత్తిలో ఉన్నవాడు చదివితే ఇంకోలా కనిపిస్తాయి. అరవైల్లో ఇంగ్లండు బృందం ఒకటి అమెరికా స్టేడియంలో పాడితే, అభిమానుల కేకల్లో వాళ్ళ పాట వాళ్ళకే వినపడలేదని అందరూ మురిసిపోతూ చెబుతారు. నాకు ఆ రోజు సౌండు చూసినవాడి మీద జాలి వేస్తుంది. ఆటల స్కోరు చెప్పే లౌడ్‌స్పీకర్లతో అతను పాట వినిపించాల్సి వచ్చింది మరి. ఆ రోజుల్లోనే ఒక జానపద గాయకుడు ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని వేదికెక్కితే జనం గోల చేశారు. గిటారు మీద కోపంతో అరిచారా, మాటలు వినపడక అరిచారా అన్నది ఈనాటికీ తేలలేదు. ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఈ రెండో సంగతి నా ఉద్యోగ జీవితమంతా నా వెంటే ఉంది. పాట జనానికి నచ్చకపోవడం ఒకటి, పాట జనాన్ని చేరకపోవడం ఇంకొకటి. వేదిక మీద ఉన్నవాళ్ళకు రెండూ ఒకేలా కనబడతాయి, రెంటికీ మనసు ఒకేలా విరుగుతుంది. ఆ తేడా తెలిసేది అన్ని మైకుల శబ్దాన్నీ కలిపి సరిచేసే మిక్సర్ ముందు నిలబడ్డవాడికి మాత్రమే.

ఢిల్లీలోనూ, చుట్టూ ఉన్న నోయిడా, గురుగ్రామ్, ఘాజియాబాద్ మైదానాల్లోనూ కచేరీలకు సౌండు చూడడం నా వృత్తి. రిటైరై ఘాజియాబాద్‌లోని ఇందిరాపురంలో ఉంటున్నాను. రోజూ డైరీ రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి పాత సంగతులు అడిగేవాళ్ళు అప్పుడప్పుడూ వస్తుంటారు. ఈ పనిలోకి కొత్తగా దిగిన పిల్లలు "అంకుల్, ఏ మిక్సర్ మంచిది?" అని అడుగుతారు. అది దుకాణంవాడు చెబుతాడు. ఈ పనిలో ఉన్న మీలాంటివాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక సాయంత్రం గురించి. తెలుగులో రాక్ పాట రాసుకున్న ఒక అమ్మాయి, దాన్ని పాడుకుంటూ ఉండాలా, మానెయ్యాలా అన్నది తేలిపోవాల్సిన సాయంత్రం అది. దానికి ముందు మా యజమాని గురించి కొంచెం చెప్పాలి.

కుర్చీల మీద రజాయిలు

కాకినాడలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి టీవీ కంపెనీ ఉద్యోగం కోసం ఢిల్లీ వచ్చాను. ఆ ఉద్యోగం దొరకలేదు. భోగల్‌లో మైకులు అద్దెకిచ్చే బల్బీర్ సింగ్ గారి దగ్గర కొన్నాళ్ళు ఉందామని చేరాను. అదే నా వృత్తి అయింది. సర్దార్జీకి గజళ్ళంటే ప్రాణం, రాక్ అంటే తలనొప్పి. అయినా కాలేజీ ఉత్సవాల కాంట్రాక్టులు వదులుకునే మనిషి కాదు. "ఈ పిల్లలు పాడరు, పోట్లాడతారు. మనకేం, మైకులు మనవి, గొంతులు వాళ్ళవి" అనేవారు.

ఢిల్లీలో నా మొదటి చలికాలం. ఒక కాలేజీ ఆడిటోరియంలో రాక్ కచేరీ. మధ్యాహ్నం ఖాళీ హాల్లో సౌండ్ చెక్ చేస్తుంటే శబ్దం గోడలకు తగిలి గలగలమంది. కీచుగా ఉందని పై స్థాయి స్వరాలన్నీ తగ్గించుకుంటూ పోయాను. హాయిగా వినబడింది. సాయంత్రం హాలు నిండింది. వచ్చినవాళ్ళందరూ స్వెట్టర్లు, కోట్లు, శాలువాలతో వచ్చారు. అంతే, మోగుతున్న హాలు ఒక్కసారిగా మూగబోయింది. పాటంతా దూదిలో చుట్టినట్టు వినపడింది. కాకినాడలో జనవరిలో కూడా జనం చొక్కాలతోనే కచేరీకి వస్తారు. ఉన్ని బట్టలు శబ్దాన్ని తాగేస్తాయని నాకెవరు చెప్పారు?

తర్వాతి కచేరీకి సర్దార్జీ టెంట్ హౌస్ నుంచి లారీ నిండా దూది రజాయిలు తెప్పించి, హాల్లో కుర్చీల మీద పరిపించారు.

"మాస్టర్‌జీ, వీళ్ళే నీ పబ్లిక్. ఇప్పుడు చెక్ చెయ్యి."

కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. ఒకడు ముందు వరుసలో రజాయి మీద దిండు నిలబెట్టి "ఈయన ప్రిన్సిపాల్ సాబ్" అన్నాడు. సర్దార్జీ కూడా దిండుకు నమస్కారం పెట్టారు.

ఆయన మంచి యజమాని అని నేను చెప్పను. కస్టమర్ల ఎదుట తిట్టేవారు, పని బాగా చేసినా మెచ్చుకునేవారు కారు. కానీ ప్రతి కచేరీకి ముందు నన్ను చివరి వరుస దాకా నడిపించుకుని వెళ్ళేవారు. అక్కడ నిలబెట్టి, "నీ మాలిక్‌ని నేను కాను, ఇక్కడ కూర్చునేవాడు. వీడికి వినపడిందా లేదా, అంతే" అనేవారు. ఇప్పటి పిల్లల చేతుల్లో టాబ్లెట్ ఉంటుంది, మైదానంలో ఎక్కడి నుంచైనా మిక్సర్ నడపొచ్చు. అయినా చాలామంది మిక్సర్ పక్కనే నిలబడి టాబ్లెట్ చూసుకుంటారు. నడవడానికి బద్ధకం. నాకు దీని మీద నిజంగా కోపం.

ఓపెనింగ్ బృందం

పెద్ద బృందం వేదికెక్కే ముందు ఒక చిన్న బృందం పాడుతుంది. దాన్ని ఓపెనింగ్ బృందం అంటాం. జనం ఇంకా లోపలికి వస్తుంటారు, సమోసాలు కొంటుంటారు, స్నేహితుల్ని వెతుక్కుంటుంటారు. పెద్ద బృందం డ్రమ్ములు కదపకూడదు కాబట్టి వాటి ముందు మిగిలిన కాస్త చోటులో చిన్నవాళ్ళు సర్దుకోవాలి. వీళ్ళకు సౌండ్ చెక్ ఉండదు. ఉన్నా, పెద్దవాళ్ళ చెక్ సాగీ సాగీ వీళ్ళ సమయం కరిగిపోతుంది.

దీనికి తోడు ఎక్కడా రాసి ఉండని ఒక ఆచారం ఉంది. మిక్సర్‌లో మొత్తం సౌండును పెంచి తగ్గించే మీటను మాస్టర్ ఫేడర్ అంటాం. పెద్ద బృందంతో వచ్చిన ఇంజనీరు దాని పక్కన ఒక టేపు ముక్క అంటించి, ఓపెనింగ్ బృందం పాడుతున్నంతసేపూ ఈ గీత దాటకూడదంటాడు. చిన్న బృందం చిన్నగా వినిపిస్తేనే తర్వాత వచ్చిన పెద్ద బృందం మరీ పెద్దగా వినిపిస్తుందని వాళ్ళ లెక్క. ప్రపంచమంతా ఇదే.

ఈ ఆచారాన్ని నేను సమర్థించను. గీత దాటించి దొంగచాటుగా ఫేడర్ పైకి తోసేవాళ్ళనూ సమర్థించను. అతిథి ఇంజనీరు పట్టుకుంటే మర్నాటి నుంచి ఆ మైదానంలో ఊళ్ళో బృందాలకు చోటే ఉండదు. నేను ఎంచుకున్న దారి వేరు. సౌండ్ చెక్ దొరకదని ముందే తెలుసు కాబట్టి, ఆ బృందం రిహార్సల్ చేసే చోటికే వెళ్ళేవాణ్ణి. ఎవరి వాద్యం ఎక్కువ మోగుతోంది, పాడేవాళ్ళు మైకుకు ఎంత దూరంలో నిలబడుతున్నారు, ఏ చోట గొంతు తగ్గిస్తున్నారు, అన్నీ డైరీలో రాసుకునేవాణ్ణి. తోటివాళ్ళు నవ్వేవారు.

"వచ్చారా మాస్టర్‌జీ? అమ్మాయిని చూశారా? సంబంధం పక్కా అయిందా?"

నవ్వనీ. మీరు కూడా వెళ్ళండి.

మునిర్కాలో రిహార్సల్

నేను రిటైరవడానికి ముందు చలికాలంలో గురుగ్రామ్‌లో ఒక పెద్ద కచేరీ వచ్చింది. డెబ్భైల నుంచి పాడుతున్న ఇంగ్లండు బృందం, అందరూ ముసలివాళ్ళయ్యారు, వీడ్కోలు పర్యటన అన్నారు. మా కాలేజీ రోజుల్లో వాళ్ళ క్యాసెట్ ఒకరి దగ్గరుంటే హాస్టలంతా కాపీ చేసుకునేది. దానికి ఓపెనింగ్ చెయ్యడానికి ఢిల్లీ పిల్లల బృందం ఒకదాన్ని తీసుకున్నారు. గిటారు కునాల్, అతనే బృందం పెద్ద. పాడేది స్రవంతి. బేస్, డ్రమ్స్ వాయించే ఇద్దరు కుర్రాళ్ళు ఎప్పుడూ కునాల్ మాట మీదే నడుస్తారు.

వాళ్ళ రిహార్సల్ ఢిల్లీలోని మునిర్కాలో, జిరాక్స్ షాపు వెనక గదిలో. నేను బయట నిలబడి మా ఆవిడతో ఫోన్లో మాట్లాడుతుంటే స్రవంతి తొంగి చూసింది.

"అంకుల్, మీరు తెలుగోళ్ళా! జర ముందుగాల చెప్పొద్దా? గప్పటిసంది హిందీల సతాయిస్తున్న మిమ్మల్ని."

"మాది కాకినాడ అమ్మా."

"మాది కరీంనగర్. అయితే ఇయ్యాల మీరు నా దిక్కే మాట్లాడాలె. ఈళ్ళు ముగ్గురున్నరు, నేనొక్కదాన్నే."

పక్కనే ఉన్న విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ, అదే గల్లీలో అద్దె గదిలో ఉంటోంది. వాళ్ళ గొడవేమిటో కునాల్ చెప్పాడు. గురుగ్రామ్‌లో ఒక రెస్టారెంటు ప్రతి శనివారం పాడమని పిలిచింది, అందరికీ తెలిసిన హిందీ, ఇంగ్లిషు పాటలు మాత్రమే కావాలంది. ముగ్గురికీ సరే. స్రవంతి తన సొంత పాటలు, అదీ తెలుగులో, పాడతానంటోంది.

"అంకుల్‌జీ, మీరే చెప్పండి. హరియాణాలో తెలుగు రాక్ ఎవరు వింటారు? అక్కడ హిందీ పాటకే 'పంజాబీ పాట వాయించండి' అంటారు."

స్రవంతి అతనితో హిందీలో పోట్లాడి, ఆ ముక్కే నాకు తెలుగులో చెప్పింది. "ఇంగ్లిష్ పాటలల్ల సగం మాటలు ఈనకే తెల్వయ్ అంకుల్. తల ఊపుకుంట వాయిస్తనే ఉంటడు. అవి నడుస్తయట, నాది నడ్వదట."

చివరికి వాళ్ళు ఒక ఒప్పందానికి వచ్చారు. పెద్ద కచేరీలో ఆమె తెలుగు పాట ఒక్కటి పాడుతుంది. జనానికి నచ్చి పట్టుకుంటే వాళ్ళు ఆమె పాటలతోనే ముందుకు వెళతారు. పట్టుకోకపోతే ఆమె ఆ ఊసెత్తకుండా రెస్టారెంటులో అడిగినవే పాడుతుంది.

"నేనే మాటిచ్చిన అంకుల్. మాటంటే మాటే" అంది. నవ్వుతూనే అంది గానీ, మైకు తీగను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

ఆ పాట ఆమె గది గురించి. మునిర్కాలో ఇళ్ళు ఎంత ఇరుకో చూసినవాళ్ళకు తెలుసు. కిటికీ తెరిస్తే ఎదుటింటి గోడ, చలికాలంలో కూడా ఎండ పొడ తగలదు. పల్లవి "ఎండేదమ్మా, ఎండేది" అని ఎత్తుకుంటుంది. చరణాలు దాదాపు మాట్లాడుతున్నట్టే, కింది గొంతులో నడుస్తాయి. పల్లవి దగ్గర గొంతు పైకి లేస్తుంది. అక్కడికి రాగానే, ఎక్కడ ఎక్కువైపోతుందోనని ఆమె మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేసేది.

నేను గుమ్మం దాటి గల్లీలోకి వెళ్ళి నిలబడ్డాను. ఒక్క మాటా తెలియలేదు. కునాల్ గిటారు శబ్దం వచ్చే పెట్టెను ఆంప్ అంటాం, అది నేల మీద ఉంది. దాని శబ్దం అతని మోకాళ్ళ పక్క నుంచి నేరుగా ఎదుటివాళ్ళ ముఖం మీదికి వెళుతోంది. అతని చెవికి చేరదు కాబట్టి అతను ఇంకా పెంచుతాడు. ఆ గిటారు స్వరాలు సరిగ్గా ఆమె గొంతు ఉండే చోటే మోగుతాయి. పాట బాగుంది, కానీ గిటారు దాన్ని మింగేస్తోంది.

ఆంప్ కాస్త తగ్గించమన్నాను.

"తగ్గిస్తే టోన్ రాదు అంకుల్‌జీ. ఇది రాక్, జాగారం భజన కాదు."

వాదించలేదు. డైరీలో రాసుకుని వచ్చేశాను.

డెరెక్ అంటించిన టేపు

గురుగ్రామ్ మైదానంలో ఆ రోజు మధ్యాహ్నమైనా మంచు తెర వీడలేదు. ఇంగ్లండు బృందం ఇంజనీరు పేరు డెరెక్. నా వయసువాడే, తెల్లటి పిలక, మెడలో రెండు కళ్ళజోళ్ళు. తన పని తెలిసినవాడు. అతను నా మిక్సర్ మీద టేపు అంటించినప్పుడు చూశాను. నేను అనుకున్నదానికంటే చాలా కిందకు అంటించాడు.

"కొంచెం పైకి జరపండి" అన్నాను. "ఆ పిల్లలకు ఈ రోజు ముఖ్యం."

"ప్రతి ఊళ్ళోనూ పిల్లలకు ఆ రోజు ముఖ్యమే" అన్నాడు. "నేను కుర్రాడిగా ఉన్నప్పుడు మా బృందానికీ ఇలాగే గీత పెట్టారు."

"అప్పుడు మీకు నచ్చిందా?"

"అసహ్యం వేసింది."

"మరి?"

"ఇప్పుడు టేపు నా చేతిలో ఉంది" అని కన్ను గీటి వెళ్ళిపోయాడు.

నిర్వాహకుడు మెహతా పరుగెత్తుకొచ్చాడు. "మాస్టర్‌జీ, ప్లీజ్, గెస్ట్ ఏం చెబితే అది. మీరు సీనియర్, మీకు చెప్పాలా!" సీనియర్ అన్న మాట మన నోరు నొక్కాలనుకున్నప్పుడే ఎక్కువగా వినబడుతుంది.

అనుకున్నట్టే పెద్ద బృందం చెక్ సాగింది. గేట్లు తెరిచేశారు. కోట్లు, శాలువాలు, మంకీ క్యాపులతో జనం లోపలికి వస్తున్నారు. మిక్సర్ వైపు నుంచి నాకు ఇంక దారి లేదు. వేదిక మాత్రం మిగిలింది, దానికి టేపు అంటించేవాడు లేడు. మిక్సర్ వదిలి వేదికెక్కాను.

ఖాళీ సామాను పెట్టె ఒకటి లాగి, కునాల్ ఆంప్‌ను దాని మీదికి ఎక్కించి, వెనక్కి వాల్చి, అతని చెవి వైపు తిప్పాను. జనం వైపు నుంచి చూస్తే ఆంప్ పక్కకు తిరిగి ఉంది.

"వాయించు" అన్నాను.

వాయించి ఉలిక్కిపడ్డాడు. "అరే! ఇది నా గిటారేనా?"

"ఇప్పుడు తగ్గించు."

మీటను వెంట్రుకవాసి తిప్పాడు.

"ఇంకా."

"అంకుల్‌జీ, ఇంకా తగ్గిస్తే అక్కడ ఉన్నవాళ్ళకి నా గిటారు వినపడుతుందా?"

"వినపడేలా చూడడం నా ఉద్యోగం. నా మాట విను బాబూ. ఆమె పాట జనానికి నచ్చకపోతే కాదననీ, ఆ హక్కు వాళ్ళకుంది. నీ మాటే నెగ్గుతుంది. వినపడక కాదన్నారనుకో, నువ్వు గెలిచినట్టూ కాదు, ఆమె ఓడినట్టూ కాదు. మీ ఒప్పందానికి అర్థమే ఉండదు."

కునాల్ పొగరున్న పిల్లాడే గానీ అన్యాయపు పిల్లాడు కాదు. స్రవంతి వైపు చూశాడు. ఆమె ఇటు చూడడం లేదు, చేతులు రుద్దుకుంటూ గొంతు సవరించుకుంటోంది. మీటను నేను చెప్పిన చోటుదాకా తిప్పాడు.

"ఠీక్ హై. ఆ ఒక్క పాటకే."

తర్వాత స్రవంతి దగ్గరికి వెళ్ళాను. "పల్లవి దగ్గర వెనక్కి జరగొద్దమ్మా. మైకు దగ్గరే ఉండు."

"గట్టిగ అయితదేమో అంకుల్."

"అయితే నేను తగ్గిస్తాను. నువ్వు పాడు. ఎంత వినపడాలో చూసుకోవడానికి నేనున్నాను."

"జనం 'బంద్ కరో' అంటే?"

"అన్నా సరే, పల్లవి రెండుసార్లు పూర్తయ్యేదాకా ఆపొద్దు."

జనం పట్టుకున్న పాట

ముందు రెండు హిందీ పాటలు పాడారు. జనం మర్యాదకు చప్పట్లు కొట్టారు. మూడోది ఆమె పాట. డెరెక్ వచ్చి నా పక్కన నిలబడి, చేతులు కట్టుకుని ఫేడర్ వైపు చూస్తున్నాడు. ఫేడర్ గీత మీద ఉంది, దాటలేదు.

మొదటి చరణం మొదలైంది. "కిటికీ తెరిస్తే ఎదుటి గోడ..." అంతలోనే మిక్సర్‌కు కాస్త ముందు నిలబడ్డ కుర్రాళ్ళ గుంపులోంచి అరుపులు.

"భాయ్, ఇదేం భాష?"

"ఇడ్లీ సాంబార్!"

"హిందీ గానా! హిందీ!"

నవ్వులు. స్రవంతి ఆపకుండా పాడుతూనే ఉంది. అప్పుడు కునాల్ చెయ్యి ఆంప్ మీదికి వెళ్ళింది. ఏ గిటారు కళాకారుడైనా అదే చేస్తాడు. జనం గోల చేస్తే పెంచుతాడు. అతను గనక పెంచితే ఆమె మాటలు అక్కడితో పోతాయి. నేను రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు నేల వైపు పెట్టి, వద్దు వద్దని ఊపాను. అంత దూరంలో నేను అతనికి ఎంత కనబడతానని! అతను చూశాడు. వేళ్ళు మీట మీద అలాగే కాసేపు ఉన్నాయి. తర్వాత చెయ్యి తీసి గిటారు మీద పెట్టాడు.

నాకు మిగిలిన పని కొంచెమే. మిక్సర్‌లో గిటారు స్వరాల్లోంచి ఆమె గొంతు ఉండే భాగాన్ని కాస్త తగ్గించాను, ఆ ఖాళీలో ఆమె గొంతు కూర్చుంది. పెద్ద డ్రమ్ము గుమ్‌గుమ్ మోతను తగ్గించాను. ఉన్ని బట్టలు తాగేసే పై స్వరాలను ఆమె మైకులో కొంచెం ముందుకు తెచ్చాను. ఇదంతా గీత కిందనే. మొత్తం శబ్దం పెరగలేదు. మాట మాత్రం విడివిడిగా, ఒక్కొక్క అక్షరంగా, మైదానం చివరిదాకా నడిచి వెళ్ళింది.

పల్లవి వచ్చింది. స్రవంతి మైకు వదల్లేదు. "ఎండేదమ్మా, ఎండేది."

రెండోసారి పల్లవికి అరుపులు లేవు. మూడోసారికి నా ముందున్న గుంపులోంచి ఎవరో పాడుతున్నట్టు వినపడింది. చూస్తే "ఇడ్లీ సాంబార్" అన్న కుర్రాడే. మఫ్లర్ నోటి మీద నుంచి కిందకు లాక్కుని, కళ్ళు మూసుకుని, "ఎండేదమ్మా" అంటున్నాడు. వాడి పక్కవాళ్ళు అందుకున్నారు. ఆ పక్కవాళ్ళు అందుకున్నారు. పాట ముగిసే వేళకు హరియాణా, పంజాబ్, ఢిల్లీ గొంతులన్నీ కలిసి తెలుగులో ఎండను పిలుస్తున్నాయి.

దీని అర్థమేమిటో మీకు చెప్పనక్కర్లేదు, ఈ పనిలో ఉన్నవాళ్ళు కదా. తెలిసిన భాషలో సగం వినపడినా మిగతా సగం మనసు పూరించుకుంటుంది. తెలియని భాషలో అలా కుదరదు. ప్రతి అక్షరం చెవిలో పడితేనే మనిషి దాన్ని తిరిగి పలకగలడు. నేను ఎన్నో పెద్ద బృందాలకు సౌండు చూశాను. వాళ్ళ అభిమానులకు పాటలు ముందే కంఠతా వచ్చు, అక్కడ నా ప్రతిభ ఎంతో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. ఆ రోజు తెలిసింది. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

డెరెక్ ఒక కళ్ళజోడు తీసి రెండోది పెట్టుకుని, ఫేడర్ మీదికి వంగి చూశాడు.

"దాటావనుకున్నాను" అన్నాడు.

"చూసుకోండి."

"చూశాను." వేదిక వైపు చూపించి, "ఆ ఆంప్‌ను పక్కకు తిప్పింది నువ్వేనా? మా గిటారిస్టుకు కూడా చెప్పిపెట్టు. నా మాట పెళ్ళికి ముందు నుంచీ వినడం లేదు" అన్నాడు.

"ఎవరి పెళ్ళికి?"

"అతని అన్ని పెళ్ళిళ్ళకూ."

పెద్ద బృందం పాడుతుండగా

ఇంగ్లండు బృందం వేదికెక్కింది. నిజం చెప్పాలంటే గొప్పగా పాడారు. ఆ ప్రధాన గాయకుడి గొంతు వయసుతో గరుకెక్కింది, అదే బాగుంది. ఒకప్పుడు హాస్టల్లో అరిగిన క్యాసెట్ మీద విన్న పాటలు నా ముందు, నా స్పీకర్లలోంచి వస్తున్నాయి. స్రవంతి, కునాల్ మిక్సర్ చుట్టూ కట్టిన కమ్మీలకు ఆనుకుని నిలబడి వింటున్నారు. ఇద్దరూ ఒప్పందం సంగతి ఎత్తలేదు.

మధ్యలో గిటారు తీగ మార్చడానికి పాట ఆగింది. గాయకుడు నీళ్ళు తాగుతున్నాడు. అప్పుడు మైదానంలో ఎడమ వైపు ఎక్కడో మొదలైంది. "ఎండేదమ్మా... ఎండేది..." మెల్లగా ఇటు వైపుకు పాకింది. గాయకుడు సీసా దించి, చేతిని చెవి వెనక పెట్టుకుని విన్నాడు. ఇదేం పాట, మాది కాదే అన్నట్టు తన బృందం వైపు తిరిగి భుజాలెగరేశాడు. జనం నవ్వారు, ఇంకా గట్టిగా పాడారు. ఆయన కూడా ఏదో తనకు తోచినట్టు గొంతు కలిపాడు.

డెరెక్ నా చెవి దగ్గరకు వచ్చాడు. "దానికి అర్థమేమిటి?"

"ఎండ ఎక్కడుంది అని."

అతను మంచు కమ్మిన ఆకాశం వైపు చూసి, "మా దేశానికి పంపించు. వారంలో జాతీయ గీతమైపోతుంది" అన్నాడు.

కమ్మీల దగ్గర కునాల్ స్రవంతి వైపు తిరిగాడు. ఆ హోరులో మాట వినపడాలంటే అరవాలి, అందుకే నాకూ వినబడింది.

"విను, రెస్టారెంటువాళ్ళకి నేను ఫోన్ చేస్తాను. మన పాటలు పాడనిస్తేనే వస్తామని చెబుతాను. లేకపోతే వద్దు."

స్రవంతి తల ఊపింది. కళ్ళు తుడుచుకుంటోంది.

"ఇంకో మాట" అన్నాడు కునాల్. కొంచెం సిగ్గుపడ్డాడు. "పల్లవిలో రెండో లైను ఉంది కదా, ఎండేది తర్వాత. అదేమిటి? ఇన్నాళ్ళూ వాయించాను గానీ ఇవాళే మొదటిసారి వినపడింది."

ఆమె నా వైపు చూసింది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. పెద్ద బృందం మళ్ళీ అందుకుంది. నేను ఫేడర్ల మీద చేతులు పెట్టి పనిలో పడ్డాను. ఓరగా చూస్తే స్రవంతి అతని చెవిలో నోరు పెట్టి హిందీలో చెబుతోంది. నాకు వినపడలేదు గానీ ఆ లైను తెలుసు: ఎండ ఎక్కడికీ పోలేదని, పై అంతస్తులో అద్దెకు దిగిందని. ఒక్క క్షణం తర్వాత కునాల్ తల వెనక్కి వాల్చి నవ్వాడు.